మీ సూట్‌కేసు ఉన్న చోట మంట వస్తే?



వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బ్రాంచీల్లో చదివే పిల్లల్లో చాలామందికి అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫ్‌లోనో ఒక బాబాయో, మేనత్తో, అక్కో ఉంటారు. ప్రయాణం కుదిరిన ఇంట్లో కనిపించే దృశ్యం అందరికీ తెలిసిందే. హాలు మధ్యలో రెండు పెద్ద సూట్‌కేసులు, పక్కన బరువు చూసే కాటా. ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదు. ఆవకాయ డబ్బాకు మూడు కవర్లు చుడతారు. కారప్పొడి తీసి సకినాలు పెడతారు, సకినాలు తీసి చీర పెడతారు. అంతా అయ్యాక ఎవరో ఒకరు అంటారు: "ఈ పవర్ బ్యాంకు చేతిసంచిలో బరువు, పెట్టెలో వేసెయ్."

ఆ ఒక్క మాట గురించే ఈ నెల వ్యాసం. ఆవకాయ కారితే బట్టలు పాడవుతాయి, అంతకంటే ఏమీ కాదు. పవర్ బ్యాంకు సంగతి అలా కాదు. ఎందుకో అర్థం కావాలంటే ఆ పెట్టె ఎక్కడికి పోతుందో, అక్కడ మంటకు ఎలాంటి కాపలా ఉందో, ఆ కాపలాను ఎవరు తనిఖీ చేస్తారో తెలియాలి. ఏడో తరగతి దాటిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. వాళ్ల సైన్సు పాఠం కూడా ఇందులో ఉంది.

మనిషి వెళ్లలేని గది

చెక్-ఇన్ కౌంటర్ దగ్గర బెల్టు మీద వేసిన పెట్టె, ప్రయాణికులు కూర్చునే అంతస్తు కింద ఉండే కార్గో అరలోకి చేరుతుంది. విమానం గాలిలో ఉండగా ఆ అరలోకి పైలట్లు గానీ, క్యాబిన్ సిబ్బంది గానీ దిగి వెళ్లలేరు. మన వంటగదిలో మంట లేస్తే పరుగెత్తి సిలిండర్ కట్టేస్తాం, తడి గోనెసంచి కప్పుతాం, పక్కింటివాళ్లను కేకేస్తాం. అక్కడ ఆ అవకాశమే లేదు. కాబట్టి మనిషి చేయాల్సిన పని మొత్తం ముందుగానే అమర్చి పెట్టాలి.

నేటి పెద్ద ప్రయాణికుల విమానాల్లోని ఇలాంటి అరలను 'క్లాస్ సి' అంటారు. ఆ అరకు నాలుగు రక్షణలు ఉండాలి.

మొదటిది, పొగను పసిగట్టే పరికరాలు. మంట మొదలైన ఒక్క నిమిషంలోపు కాక్‌పిట్‌లో హెచ్చరిక రావాలన్నది నియమం. రెండోది, ఆ అరలోకి గాలి రాకను అదుపు చేసే ఏర్పాటు. మూడోది, మంటకు తట్టుకునే గోడలు, పైకప్పు. వీటికి వాడే పలకలను సుమారు 927 డిగ్రీల సెల్సియస్ జ్వాలకు ఎదురుగా పెట్టి పరీక్షిస్తారు. ఐదు నిమిషాల్లోపు జ్వాల వాటిని చీల్చుకుని అవతలికి రాకూడదు. నాలుగోది, కాక్‌పిట్‌లో ఒక బటన్ నొక్కితే అరను నింపేసే మంటనిరోధక గ్యాస్.

ఆర్పడం వేరు, అణచడం వేరు

ఆ గ్యాస్ పేరు హేలాన్ 1301. గట్టి లోహపు సీసాల్లో అధిక ఒత్తిడితో దాన్ని నింపి పెడతారు. పైలట్ బటన్ నొక్కగానే సీసా మూతి దగ్గర ఉన్న చిన్న పేలుడు గుళిక పని చేసి సీలును పగలగొడుతుంది. గ్యాస్ గొట్టాల గుండా అర అంతటా వ్యాపిస్తుంది. మొదటి విడతలో అరలోని గాలిలో కనీసం 5 శాతం హేలాన్ ఉండాలి. అది జ్వాలను పడగొడుతుంది. ఆ తర్వాత మరో సీసా నుంచి గ్యాస్ నెమ్మదిగా వస్తూ, విమానం దిగేదాకా కనీసం 3 శాతం తగ్గకుండా కాపాడాలి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ వ్యవస్థ లక్ష్యం మంటను పూర్తిగా ఆర్పేయడం కాదు, విమానం నేల మీదికి వచ్చేదాకా దాన్ని అణచి ఉంచడం. నివురు కింద నిప్పు అలాగే ఉండవచ్చు, అది మళ్లీ రాజుకోకూడదు. అందుకే సముద్రాల మీదుగా వెళ్లే రెండు ఇంజన్ల విమానాలకు లెక్క ఇంకా కఠినంగా ఉంటుంది. దగ్గరి విమానాశ్రయానికి 180 నిమిషాలు పట్టే దారిలో వెళ్లాలంటే, మంటను అణచే శక్తి ఆ 180 నిమిషాలతో పాటు మరో 15 నిమిషాలకు కూడా సరిపోవాలి.

హేలాన్ మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో వేరే చోట కనిపిస్తుంది, ఓజోన్ పొరను దెబ్బతీసే వాయువుల జాబితాలో. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద అభివృద్ధి చెందిన దేశాలు 1994 నాటికి దాని తయారీని ఆపేశాయి. అయినా కార్గో అరల్లో అంత తేలిగ్గా, అంత నమ్మకంగా పనిచేసే ప్రత్యామ్నాయం రావడం ఆలస్యమైంది. అందుకే పాత నిల్వలనూ, శుద్ధి చేసి మళ్లీ వాడే గ్యాస్‌నూ విమానాల కోసం జాగ్రత్తగా దాచుకుంటున్నారు.

'ఖాళీ' అని రాసిన పెట్టెలు

ఈ నాలుగు రక్షణలూ మొదటి నుంచీ అన్ని విమానాల్లో లేవు. 'క్లాస్ డి' అనే పాత రకం అరల్లో పొగ పసిగట్టే పరికరం ఉండేది కాదు, గ్యాస్ సీసా కూడా ఉండేది కాదు. అర బిగుతుగా ఉంటుంది, లోపలి గాలి అయిపోతే మంట తనంతట తానే చచ్చిపోతుంది అన్నది అప్పటి ధీమా.

1996 మే 11న అమెరికాలోని మయామీ నుంచి బయలుదేరిన వాల్యూజెట్ 592 విమానం ముందు అరలో కొన్ని అట్టపెట్టెలు ఎక్కించారు. వాటిలో ఉన్నవి గడువు తీరిన ఆక్సిజన్ జనరేటర్లు. ప్రయాణికుల తల మీద మాస్కులు పడినప్పుడు ఆక్సిజన్ ఇచ్చే రసాయన డబ్బాలు అవి. పని చేసేటప్పుడు విపరీతంగా వేడెక్కుతాయి. వాటికి పెట్టాల్సిన రక్షణ మూతలు పెట్టలేదు. సరుకు కాగితంలో మాత్రం అవి ఖాళీవని రాశారు. విమానం లేచిన కొద్ది నిమిషాలకే మంట బయటపడింది. గాలి అయిపోతే మంట చస్తుందన్న ధీమా అక్కడ పనికిరాలేదు, ఎందుకంటే ఆ మంటకు కావాల్సిన ఆక్సిజన్‌ను ఆ డబ్బాలే ఇచ్చాయి. విమానం ఫ్లోరిడా చిత్తడి నేలల్లో కూలిపోయింది. అందులో ఉన్న 110 మందీ చనిపోయారు.

ఆ తర్వాత అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ 1998లో నియమం మార్చింది. ప్రయాణికుల విమానాల్లోని క్లాస్ డి అరలన్నింటికీ 2001 మార్చి నాటికి పొగ పసిగట్టే పరికరాలు, మంట అణచే వ్యవస్థ అమర్చాలని ఆదేశించింది. ఈ రోజు మన పెట్టె పక్కన కాపలాగా ఉన్న గ్యాస్ సీసా వెనక ఆ 110 మంది ఉన్నారు.

సీసా ఉంటే చాలదు

సీసా అమర్చడంతో పని అయిపోయినట్టేనా? మన ఇంటికి గ్యాస్ సిలిండర్ వచ్చినప్పుడు తూకం వేయించుకుంటాం కదా. బయటికి నిండుగా కనిపించినా లోపల ఎంత ఉందో తూస్తేనే తెలుస్తుంది. విమానంలోని హేలాన్ సీసాలదీ అదే సంగతి. నిర్ణీత గడువుల్లో వాటిని తూస్తారు, ఒత్తిడి చూస్తారు. సీలు పగలగొట్టే గుళికకు కూడా గడువు ఉంటుంది. ఆ తేదీ దాటితే, ఒక్కసారీ వాడకపోయినా తీసేసి కొత్తది పెట్టాల్సిందే. ఆ వ్యవస్థ పనిచేయడం లేదని తెలిస్తే, సాధారణంగా ఆ అరను ఖాళీగా ఉంచి మాత్రమే విమానాన్ని పంపుతారు.

ఇవి మామూలు తనిఖీలు. వీటికి చిక్కని లోపం ఏదైనా ఒక విమానంలో బయటపడితే? అప్పుడు వచ్చేదే 'ఎయిర్‌వర్దినెస్ డైరెక్టివ్'. విమానం ఎగరడానికి తగిన స్థితిలో ఉండాలంటే తప్పనిసరిగా చేయాల్సిన పనిని చెప్పే ఆదేశం ఇది. విమానాన్ని డిజైన్ చేసిన దేశపు సంస్థ దీన్ని జారీ చేస్తుంది. బోయింగ్‌కైతే అమెరికా ఎఫ్ఏఏ, ఎయిర్‌బస్‌కైతే యూరప్ సంస్థ ఈఏఎస్ఏ. మన దేశంలో రిజిస్టరైన విమానాల్లో ఆ పని జరిగేలా చూసే బాధ్యత డీజీసీఏది. శంషాబాద్ విమానాశ్రయం ఆవరణలోని మరమ్మతు కేంద్రాల్లాంటి చోట్ల లైసెన్సు ఉన్న ఇంజనీర్లు ఆ పని చేసి, రికార్డులో సంతకం పెడతారు.

ఆదేశం రాసే తీరు సూటిగా ఉంటుంది. ఏ మోడల్, ఏ నంబర్ల విమానాలకు వర్తిస్తుంది? ఏం లోపం కనిపించింది? వదిలేస్తే ఏం జరగవచ్చు? ఏం చేయాలి? ఎన్ని రోజుల్లో లేదా ఎన్ని గంటల ప్రయాణంలోపు చేయాలి? ఈ ప్రశ్నలకు జవాబులే ఆదేశం. గడువు దాటితే ఆ విమానం ఎగరకూడదు.

విమానాల్లో మంటలకు సంబంధించిన మూడు ఉదాహరణలు చూడండి.

2009లో యూరప్‌లో, విమానాల్లో చేత్తో వాడే కొన్ని అగ్నిమాపక సిలిండర్లలో నింపిన హేలాన్ ప్రమాణాలకు తగినట్టు లేదని తేలింది. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. అలాంటి సిలిండర్లను గుర్తించి తీసేయాలని ఈఏఎస్ఏ ఆదేశాలు ఇచ్చింది.

2021లో బోయింగ్ 787 విమానాలపై ఒక ఆదేశం వచ్చింది. కార్గో అరల్లో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే తెరుచుకునే ప్యానెళ్లు కొన్ని ఉంటాయి. కొన్ని విమానాల్లో అవి చిరిగి, ఊడి కనిపించాయి. ప్యానెల్ లేని చోట నుంచి హేలాన్ జారిపోతుంది, మంట అణగదు. కాబట్టి ప్యానెళ్లన్నీ తనిఖీ చేయాలని ఎఫ్ఏఏ చెప్పింది. మన ఎయిర్ ఇండియా నడిపే డ్రీమ్‌లైనర్ ఈ మోడలే.

అదే ఏడాది బోయింగ్ 737 విమానాలపై మరొకటి వచ్చింది. ఇది ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. లోపం గ్యాస్ సీసాలో లేదు, పొగ పసిగట్టే పరికరంలోనూ లేదు. ఏసీ వ్యవస్థలో ఉంది. గాలిని నియంత్రించే ఎలక్ట్రానిక్ భాగం చెడిపోతే కార్గో అరలోకి గాలి ఎక్కువగా రావచ్చు. గాలి ఎక్కువైతే హేలాన్ పలచబడుతుంది. మజ్జిగలో నీళ్లు పోసినట్టు, 3 శాతం ఉండాల్సింది తగ్గిపోతుంది. అందుకని ఆ లోపం ఉన్నప్పుడు ఆ అరల్లో మంటలంటుకునే సరుకు పెట్టరాదని ఆదేశించారు.

ఈ మూడింటిలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడో ఒక విమానంలో చిన్న లోపం దొరుకుతుంది. అది ఆ ఒక్క విమానం సమస్యగా మిగిలిపోదు. ఆ మోడల్ విమానాలన్నీ, ఏ దేశంలో ఎగిరేవైనా, గడువులోపు తనిఖీకి నిలబడాలి. ప్రమాదం జరిగేదాకా ఆగి తర్వాత విచారించడం కంటే ఇది ఎంత మేలో వేరే చెప్పనక్కర్లేదు.

హేలాన్‌కు లొంగనిది

ఇప్పుడు మన పవర్ బ్యాంకు దగ్గరికి వద్దాం. ఇంత కాపలా ఉన్నప్పుడు ఒక్క చిన్న బ్యాటరీతో భయమేమిటి అని మీకు అనిపించవచ్చు.

లిథియం బ్యాటరీలో ఒక సెల్ దెబ్బతిన్నా, లోపల షార్ట్ అయినా అది దానంతట అదే వేడెక్కుతుంది. ఆ వేడి పక్క సెల్‌ను వేడెక్కిస్తుంది, అది దాని పక్కదాన్ని. దీన్ని 'థర్మల్ రన్‌అవే' అంటారు. బయటికి వచ్చిన జ్వాలను హేలాన్ పడగొట్టగలదు. కానీ సెల్ లోపల జరిగే రసాయన చర్యను, ఆ వేడిని ఆపలేదు. 1996లో ఆక్సిజన్ డబ్బాలు తమ మంటకు కావాల్సింది తామే తెచ్చుకున్నాయి. బ్యాటరీ కూడా దాదాపు అదే కోవకు చెందినది. తన నిప్పును తానే మోసుకొస్తుంది.

2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి బయలుదేరిన ఒక సరుకు విమానంలో వేల లిథియం బ్యాటరీలున్న కార్గో అంటుకుంది. విమానం కూలి ఇద్దరు పైలట్లూ చనిపోయారు. 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో లిథియం అయాన్ బ్యాటరీలను విడిగా సరుకుగా పంపడాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిషేధించింది.

2017లో ఎఫ్ఏఏ చేసిన ఒక పరీక్ష సంగతి ప్రతి ఇల్లాలూ, ప్రతి కాలేజీ పిల్లా తెలుసుకోవాలి. సూట్‌కేసులో బట్టల మధ్య ఒక ల్యాప్‌టాప్ పెట్టి, దాని పక్కన జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బా ఒకటి ఉంచారు. ల్యాప్‌టాప్ బ్యాటరీని వేడి చేశారు. మంట లేచింది. 40 సెకన్లలో స్ప్రే డబ్బా పేలిపోయింది. హేలాన్ అర అంతా నిండి పని మొదలుపెట్టే వ్యవధి కూడా లేదు.

అయితే ఆ పవర్ బ్యాంకును చేతిసంచిలో పెట్టుకుంటే అంటుకోదా? అంటుకోవచ్చు. 2025 అక్టోబర్‌లో ఢిల్లీ విమానాశ్రయంలో, దిమాపూర్ వెళ్లాల్సిన విమానం రన్‌వే వైపు కదులుతుండగా సీటు జేబులో ఉన్న పవర్ బ్యాంకు అంటుకుంది. సిబ్బంది వెంటనే ఆర్పేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. తేడా అక్కడే ఉంది. క్యాబిన్‌లో అయితే చూసే కళ్లున్నాయి, ఆర్పే చేతులున్నాయి. కింద అరలో రెండూ లేవు.

చేతిసంచిని తల మీది లాకర్లో పెట్టేసి మరిచిపోయినా ఇబ్బందే. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో బయలుదేరడానికి సిద్ధంగా ఉన్న ఎయిర్ బూసాన్ విమానంలో తల మీది లాకర్ నుంచి మంట లేచింది. పవర్ బ్యాంకే కారణమై ఉండవచ్చని దర్యాప్తులో చెప్పారు. విమానం నేల మీద ఉంది కాబట్టి లోపలున్న 176 మందీ బయటపడ్డారు. విమానం కాలిపోయింది. ఇప్పుడు మన డీజీసీఏ కూడా పవర్ బ్యాంకును చేతిసామానులోనే ఉంచాలని, తల మీది లాకర్లో పెట్టవద్దని, ప్రయాణంలో దానితో ఛార్జింగ్ చేయవద్దని చెబుతోంది.

మన రోడ్డు మీద

ఇదంతా విమానం ఎక్కేవాళ్ల గొడవ అనుకోకండి. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు రోడ్డు మీద పడి ఉన్న మోటార్‌సైకిల్‌ను ఈడ్చుకుపోయి అంటుకుంది. బస్సులోని 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ బస్సు సామాను అరలో వందలాది మొబైల్ ఫోన్ల పార్శిల్ ఉందని, వాటి బ్యాటరీలు మంటను ఇంకా పెంచాయని అధికారులు చెప్పారు.

విమానంలో ప్రయాణికుల కాళ్ల కింద ఉన్న అరకు పొగ పసిగట్టే పరికరం, గ్యాస్ సీసా, మంటకు నిలిచే గోడ ఉన్నాయి. పైగా బ్యాటరీలను సరుకుగా పెట్టకూడదన్న నిషేధం ఉంది. బస్సులో ప్రయాణికుల కాళ్ల కింద ఉన్న అరకు ఆ ఏర్పాట్లేవీ లేవు. రాత్రి బస్సుల్లో పిల్లలను హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు పంపే మనం ఈ తేడాను గుర్తుంచుకోవాలి. బస్సు ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో పిల్లలకు చూపించండి. అది ఒక్క నిమిషం పని.

పెట్టె సర్దేటప్పుడు

కింది జాగ్రత్తలను కత్తిరించి సూట్‌కేసు లోపలి జేబులో పెట్టుకోండి.

• పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు చెక్-ఇన్ పెట్టెలో ఎప్పుడూ వద్దు. చేతిసంచిలోనే, కంటికి కనిపించేలా ఉంచండి. విడి బ్యాటరీల కొనలకు టేపు అంటించండి.

• పవర్ బ్యాంకు మీద 'వాట్ అవర్' సంఖ్య చూడండి. 100 లోపు ఉంటే చేతిసామానులో అనుమతిస్తారు. 100 నుంచి 160 దాకా ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. 160 దాటితే తీసుకెళ్లకూడదు. సంఖ్య చెరిగిపోయినదాన్ని ఇంట్లోనే వదిలేయండి.

• ల్యాప్‌టాప్, ట్యాబ్ చేతిసంచిలోనే మేలు. తప్పక పెట్టెలో పెట్టాల్సి వస్తే పూర్తిగా ఆఫ్ చేయండి, స్లీప్ మోడ్‌లో వదలకండి. స్ప్రే డబ్బా పక్కన అసలు పెట్టకండి.

• బ్యాటరీ ఉన్న 'స్మార్ట్' సూట్‌కేసు అయితే బ్యాటరీ తీసి చేతిసంచిలో వేసుకోండి.

• పూజ సామానులో కర్పూరం, అగ్గిపెట్టె వద్దు. కర్పూరం తేలిగ్గా అంటుకునే ఘనపదార్థాల జాబితాలో ఉంది.

• ఒడిబియ్యం కోసం పెట్టే కుడుకలు, అంటే ఎండుకొబ్బరి కూడా తనంతట తాను వేడెక్కే గుణం ఉన్న సరుకుగా ప్రమాదకర వస్తువుల జాబితాలో ఉంది. ఎయిర్‌లైన్‌ను అడగకుండా పెట్టకండి.

• పటాకులు ఒక్కటి కూడా వద్దు. "పిల్లల కోసం రెండు కాకరపువ్వొత్తులే కదా" అన్నా వద్దు.

• బోర్డింగ్ గేటు దగ్గర చేతిసంచిని కింద అరలో వేస్తామని సిబ్బంది అడిగితే, ఇచ్చే ముందు అందులోని పవర్ బ్యాంకు తీసుకోవడం మరిచిపోకండి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

ఇంకొక మాట. "మీరు ఎలాగూ వెళ్తున్నారు కదా, ఈ చిన్న పార్శిల్ మా అబ్బాయికి ఇవ్వండి" అని అడగడం మన దగ్గర మామూలే. మొహమాటంతో కాదనలేం. కానీ లోపల ఏముందో విప్పి చూసి, మీరే మళ్లీ సర్దుకోండి. 1996 నాటి పెట్టెల సరుకు కాగితంలో కూడా 'ఖాళీ' అనే రాసి ఉంది. విప్పి చూపమన్నందుకు బంధువులు ఒక రోజు చిన్నబుచ్చుకుంటారేమో, అంతే.

పిల్లలతో చేయించండి

ఒకటి: ఇంట్లోని పవర్ బ్యాంకు వాట్ అవర్ లెక్క కట్టమనండి. ఎంఏహెచ్ సంఖ్యను 3.7తో గుణించి 1000తో భాగించాలి. 10,000 అయితే 37. 20,000 అయితే 74. 27,000 అయితే 99.9. మార్కెట్లో 27,000 దగ్గర ఆగిపోయే పవర్ బ్యాంకులు ఎందుకు కనిపిస్తాయో వాళ్లకే అర్థమవుతుంది.

రెండు: మీ అపార్ట్‌మెంట్లో, దుకాణంలో, రైస్ మిల్లులో ఉన్న అగ్నిమాపక సిలిండర్ దగ్గరికి తీసుకెళ్లండి. ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందా? పిన్ను, సీలు ఉన్నాయా? మళ్లీ నింపాల్సిన తేదీ దాటిందా? దాని ముందు బస్తాలో, బైకో అడ్డం పెట్టారా?

మూడు: స్కూలు బస్సులో అగ్నిమాపక సిలిండర్ ఉండి తీరాలన్నది నిబంధన. మీ పిల్లలు ఎక్కే బస్సులో అది ఎక్కడుందో వాళ్లను చూసి రమ్మనండి. ముల్లు ఎక్కడుంది, తేదీ ఎంత అని రాసుకు రమ్మనండి. ఏదైనా తేడా కనిపిస్తే బ్రాంచి ఆఫీసులో చెప్పండి. అది ఫిర్యాదు కాదు, మాకు మీరు చేసే సాయం.

నాలుగు: పిల్లలు ఒక ఆదేశం రాయాలి, అచ్చం విమానాలకు రాసినట్టే. ఇంట్లో కనిపించిన లోపం ఏమిటి, వదిలేస్తే ఏమవుతుంది, ఎవరు సరిచేయాలి, ఏ తేదీలోపు, పూర్తయ్యాక సంతకం ఎవరిది. గ్యాస్ స్టవ్ రబ్బరు పైపు గడువు కావచ్చు, రాత్రంతా దిండు కింద ఛార్జింగ్‌లో ఉండే ఫోన్ కావచ్చు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించండి. సంతకం మాత్రం పెద్దవాళ్లదే ఉండాలి.

శంషాబాద్‌లో మీ పెట్టె బెల్టు మీద కదిలి రబ్బరు తెరల వెనక్కి వెళ్లిపోయాక దాని మీద మీకు ఏ అధికారమూ ఉండదు. పొగ పసిగట్టడం, గ్యాస్ సీసా తూకం, ప్యానెల్ తనిఖీ, గడువు దాటకుండా సంతకం, ఇవన్నీ వేరే వాళ్ల బాధ్యత. వాళ్లు వాళ్ల పని చేస్తూనే ఉన్నారు. జిప్పు వేసే ముందు పెట్టెలో ఏముందో చూడటం ఒక్కటే మన వంతు. ఆ పని మన తరఫున ఏ ఆదేశమూ చేయలేదు.

సెలవులు హాయిగా గడపండి. వెళ్లినవాళ్లందరూ క్షేమంగా తిరిగి రండి.